పంచదార పడింది

గురువారం పొద్దున మార్లిస్ హౌగెన్ వంటింట్లో కూర్చుని బఠాణీ కాయలు ఒలుస్తుండగా, కాళ్ళ కింద నేల ఒక్కసారి దగ్గినట్టయింది. పెద్ద చప్పుడేం కాదు. తలుపు వేసిన గదిలో ఎవరో బరువైన పుస్తకం కింద పడేసినంత. ఒళ్ళో పళ్ళెంలోంచి రెండు గింజలు ఎగిరి నేలమీద దొర్లాయి. ఆమె వాటిని ఏరలేదు. ఒలుస్తున్న కాయ అలాగే పట్టుకుని రెండో చప్పుడు కోసం చూసింది. రాలేదు. బయట ఆమె మొగుడు నార్వల్ గడ్డి కోసే బండి ఎక్కి పెరట్లో చుట్లు తిరుగుతున్నాడు. గడ్డి మంగళవారం కోశాడు. బుధవారం మళ్ళీ కోశాడు. ఇప్పుడు కోయడానికి అక్కడేం లేదు, బండి వెనక దుమ్ము లేస్తోంది.

ఆమె పళ్ళెం బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని, నేలమాళిగ తలుపు తీసింది. మెట్ల మీదికే వాసన ఎదురొచ్చింది. మాడిన రొట్టె, తేనె, ఎండు ద్రాక్ష కలిపి ఉడకబెట్టిన వాసన. నార్వల్ ఇంట్లో కాచే బీరు వాసనకి ఒక ఏడాది పక్క కౌంటీ జింకలు వచ్చి పెరట్లో వరసకట్టాయని అతని స్నేహితుడు డెల్మర్ చెబుతాడు. డెల్మర్ చెప్పినదాంట్లో సగం తీసేసినా ఇంకా బోలెడు జింకలు మిగులుతాయి.

కింద రాతి గోడల గది. ఏ వేసవిలోనైనా చల్లగా ఉండేది. ఈ జూలైలో మూడు వారాలుగా విస్కాన్సిన్ అంతా పెనం మీద ఉన్నట్టుంది, రాళ్ళకి కూడా చెమట పట్టింది. గోడ వారన నార్వల్ తన చేత్తో చేసిన ఓకు చెక్క చట్రాల్లో సీసాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. గోధుమరంగు సీసాలు, మూతల మీద ఎర్ర మైనం, మైనం మీద తెల్ల రంగుతో ఒక్కో సంవత్సరం. అరవై మూడు నుంచి ఈ ఏడు పన్నెండు దాకా, మొత్తం యాభై. అక్టోబరులో వాళ్ళ పెళ్ళికి యాభై ఏళ్ళు నిండుతాయి. ఏడాదికొకటి లెక్కన సీసాలన్నీ ఈ ఏప్రిల్లో ఒకే రోజు నింపినవే. చర్చి హాల్లో విందు. ఏ ఏటి సీసా ఎవరి చేతికి అందాలో నార్వల్ ఎప్పుడో నిర్ణయించి పెట్టాడు. అది ముదురు బీరు. ఏప్రిల్లో మూత వేస్తే అక్టోబరుకి గాని నోట పెట్టుకునేలా ఉండదు. చీకట్లో, చల్లగా, కదపకుండా ఉంచాలి.

డెబ్బై ఒకటి లేదు. దాని చోట అడుగు చెక్క ఒక్కటే తడిగా మెరుస్తోంది. గోడ మీద గోధుమరంగు మరక విసనకర్రలా విచ్చుకుని ఉంది. పై దూలంలో అరచేతి పొడుగు గాజుపెంకు మేకులా దిగి ఉంది. ఆమె దాని కింద నిలబడి చెయ్యెత్తి చూసింది. తన తలకి జానెడు పైన. నార్వల్ ఆమె కంటే జానెడు పొడుగు.

మార్లిస్ చీపురు తెచ్చింది. పెంకులు కాఫీ డబ్బాలోకి ఎత్తింది. దూలంలోది పటకారుతో పీకింది. గోడ వేణ్ణీళ్ళతో తుడిచింది. ఆ పనంతా నలభై తొమ్మిది సీసాల వైపు వీపు పెట్టకుండా, పక్కవాటుగా, బుసకొట్టే బాతుల మందలో నడిచినట్టు చేసింది. ఎందుకు పగిలిందో ఆమెకి తెలుసు. ఏప్రిల్ నుంచీ తెలుసు.

సీసాలు నింపే రోజున కొలిచిన పంచదార నీళ్ళలో మరిగించి తొట్టిలో పోస్తారు. మూత కింద అది మళ్ళీ పులిసి గాలి పుట్టిస్తుంది. ఆ గాలే నురుగు. పంచదార ఎక్కువైతే గాలి ఎక్కువై సీసా పగులుతుంది. పదహారేళ్ళ కిందట ఒకసారి నార్వల్, డెల్మర్, గేలార్డ్ ముగ్గురూ కబుర్లలో పడి పంచదార సంగతే మరిచారు. ఆ ఏడు బీరు దొడ్లో గుంటనీళ్ళలా చప్పగా పడి ఉంది. అప్పుడు మేస్త్రి ఒక ఆచారం పెట్టాడు. మేస్త్రి అంటే నార్వలే. పోసినవాడు గట్టిగా ‘పంచదార పడింది’ అనాలి. మిగతావాళ్ళు ‘పడింది’ అని జవాబివ్వాలి, చర్చిలో ఆమెన్ అన్నట్టు. మరిచిపోవడానికి అది మంచి విరుగుడు. రెండుసార్లు గుర్తు రావడానికి మాత్రం అందులో విరుగుడు లేదు.

ఏప్రిల్లో ఆ రోజు కింద నుంచి ఆ కేక ఆమె వింది. అరగంట పోయాక నార్వల్ ఖాళీ గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. “ఏం మార్లిస్, పంచదార ఇంకా మరగలేదా?” అని నవ్వుతూ అడిగాడు. ఆమె గిన్నె చూసింది, అడుగున ఇంకా పాకం జిగురు ఉంది. అతని మొహం చూసింది. కింద స్నేహితులిద్దరూ ఉన్నారు. ఆమె ఏమీ అనలేదు. మళ్ళీ కొలిచింది, మళ్ళీ మరిగించింది, ఇచ్చింది. వాళ్ళిద్దరిలో ఎవరో ఒకరు ఆపుతారులే అనుకుంది. కింద నుంచి మళ్ళీ ‘పంచదార పడింది’ అని వినిపించింది. చెంచా కింద పెట్టినంత సేపు నిశ్శబ్దం. తరవాత రెండు గొంతులు: ‘పడింది.’

మా వైపు మనుషులకి కాదనడం రాదు. నీ ట్రాక్టరు టైరు వాళ్ళ కాలి మీద ఉన్నా, ‘తొందరేం లేదు, నీకు వీలైనప్పుడు కదుపు’ అంటారు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి మార్లిస్.

నాలుగింటికి నార్వల్ రోజూలాగే కిందికి దిగాడు. అతని వెనకే ఆమె. ఒక సీసా మెడ పట్టుకుని ఎత్తి, బల్బుకి ఎదురుగా పెట్టి, అడుగున మడ్డి పేరుకుందో లేదో చూశాడు. కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకున్నాడు.

“డెబ్బై ఒకటి ఏది?” అన్నాడు.

“పగిలింది. తుడుస్తుంటే నా చెయ్యి తగిలింది.”

“మంచి ఏడే పగలగొట్టావు. ఆ ఏడు మంచు ఎంత పడిందనుకున్నావ్? మేడ మీద కిటికీలోంచి బయటికి అడుగేసి, నడుచుకుంటూ చర్చికి పోయాం. దారిలో ఏదో తగిలి పడబోయావు. చూస్తే టెలిఫోను స్తంభం కొన.”

“నాకెందుకు గుర్తుండదు,” అంది మార్లిస్.

అతను సీసా తిరిగి చట్రంలో పెట్టాడు. ఆ పాత సంవత్సరాలన్నీ అతని దగ్గర భద్రంగా ఉన్నాయి, మైనం వేసి మూసినట్టు. ఈ ఏడే ఎక్కడో కారిపోతోంది.

శుక్రవారం అతన్ని కిందికి దిగకుండా ఆపడానికి ఆమెకి వంక దొరకలేదు. గొంతు దాకా వచ్చిన మాట కాఫీతో కలిపి మింగింది. నాలుగింటికి అతను కింద ఉన్నాడు, ఆమె మెట్ల మీద ఉంది. రాసుకునే పెన్సిలు కింద పడితే అతను వంగాడు. అప్పుడే ఎనభై ఎనిమిది పేలింది, దాని దెబ్బకి పక్కనున్న ఎనభై తొమ్మిది పేలింది. రెంటికీ మధ్య రెప్పపాటు కూడా లేదు. బల్బు ఆరిపోయింది. చీకట్లో నురుగు కారుతున్న చప్పుడు, గాజు రాలుతున్న చప్పుడు. ఆ తరవాత నార్వల్ గొంతు, చాలా మామూలుగా: “పెన్సిలు దొరికింది.”

అతని చెవి తమ్మె చివర చీలింది. ఆమె అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి, దూది అద్ది, పట్టీ వేసింది. కాలర్ లోపల రక్తం, బీరు కలిసి జిగటగా ఉంది. అతను ఒక పెంకు జేబులో వేసుకుని పైకి తెచ్చాడు. దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

“చూడు, మెడ దగ్గర ఎంత పల్చగా ఉందో. ఎవరు తెచ్చారీ సీసాలు?”

ఆమె సీసాలు తెచ్చిన మనిషి పేరు చెప్పలేదు. అతనికి దానంతటదే గుర్తొచ్చింది. ఆ గుర్తు రావడం అతని మొహంలో వెలుగులా కనిపించింది. “డెల్మర్,” అన్నాడు. లేచి గోడ ఫోను దగ్గరికి నడిచాడు. నంబరు చూడకుండా తిప్పాడు.

ఆ సాయంత్రం మార్లిస్ నేలమాళిగ తలుపుకి గడియ బిగించి తాళం వేసింది. తాళంచెవి దారానికి కట్టి మెళ్ళో వేసుకుంది.

శనివారం పదింటికి గ్యారేజీలో సభ జరిగింది. సభ అంటే ముగ్గురే. ముప్పయ్యేళ్ళు పాల లారీ తోలిన డెల్మర్, తలుపులో పక్కకి తిరిగి దూరే మనిషి. ముప్పయ్యేళ్ళు పోస్టాఫీసులో పనిచేసిన గేలార్డ్, మాటని కూడా కవర్లో పెట్టి అతికించి ఇచ్చే మనిషి. గోడకి మూడు మేకులు, మూడు మేకులకీ మూడు పింగాణీ బీరు కప్పులు. డెల్మర్ కప్పు మీద ఆవు బొమ్మ.

“ఏం మేస్త్రీ, చెవికి పోగు కుట్టించుకుంటున్నావా?” అన్నాడు డెల్మర్ లోపలికి వస్తూనే. “ఈ వయసులో నీకు ఎవరు పడతారని?”

నార్వల్ నవ్వలేదు. పెంకు తీసి పనిబల్ల మీద పెట్టాడు. అతను వడ్రంగి. బల్లమీద ఏది పెట్టినా అంచుకి సమంగా పెడతాడు.

“డెల్మర్, ఈ సీసాలు ఎక్కడివి?”

“హైవే మీది బారు వెనకవి. ఎప్పుడూ అక్కడివేగా.”

“గోరుతో మీటి చూశావా, డెల్మర్? నేను నీకు నేర్పానా లేదా? మంచి సీసా గంటలా మోగుతుంది, చెడ్డది కుండలా పలుకుతుంది. ఒక్కటన్నా మీటావా?”

“మీటాననే అనుకుంటున్నాను.”

“అనుకుంటే సరిపోదు, డెల్మర్. నా కన్ను పోయేది.”

డెల్మర్ మెడ గోక్కున్నాడు. “తొంభై నాలుగులో మన పుల్లటి రూబార్బు కాడల బీరు మూత ఎగిరి చర్చి గంటకి తగల్లేదూ? మంగళవారం నాడు గంట మోగేసరికి పాస్టరు పరిగెత్తుకొచ్చి ప్రార్థన మొదలెట్టాడు. పదకొండు మంది వచ్చారు కూడాను. అంతకంటేనా ఇది?”

“హాస్యం ఆపు, డెల్మర్.”

గేలార్డ్ తన బూటు లేసు చూసుకుంటున్నాడు. ఆ లేసుతో ముప్పయ్యేళ్ళ పోస్టు అంతా కట్టి పంపాలన్నట్టు చూస్తున్నాడు. మార్లిస్ నిమ్మకాయ కేకు ముక్కల పళ్ళెం పట్టుకుని గ్యారేజీ గుమ్మంలో నిలబడిపోయింది. ఇప్పుడు చెప్పాలి, అనుకుంది. ఒక్క మాట చాలు. ఆ మాట వెనకాల ఇంకా చాలా మాటలు బారులు తీరి ఉన్నాయి: మూడుసార్లు కోసిన గడ్డి, ఫ్రిజ్‌లో దొరికిన బూట్లు, చర్చి నుంచి ఇంటికి దారి తప్పిన ఆదివారం. ఒకదాని తలుపు తీస్తే అన్నీ వస్తాయి.

“నా గ్యారేజీలో నువ్వు ఇక బీరు పని చెయ్యొద్దు, డెల్మర్,” అన్నాడు నార్వల్. “అక్టోబరు విందుకి రా. రావద్దనను. కప్పు మాత్రం తీసుకెళ్ళు.”

గేలార్డ్ తలెత్తాడు, నోరు తెరిచాడు. “అదీ... ఈ ఎండలు కూడా మరీ ఇదిగా ఉన్నాయి,” అని మళ్ళీ మూసుకున్నాడు.

డెల్మర్ గోడ దగ్గరికి వెళ్ళాడు. కప్పు తీసి లోపలికి ఊది దుమ్ము దులిపాడు, ప్యాంటు జేబులో పెట్టబోయాడు, పట్టలేదు, చంకలో పెట్టుకున్నాడు. గుమ్మంలో మార్లిస్ దగ్గర ఆగి కేకు ముక్క ఒకటి తీసుకున్నాడు. “బావున్నాయి, మార్లిస్,” అన్నాడు. ఇంకా కొరకలేదు.

ఆదివారం చర్చిలో డెల్మర్ ఎప్పుడూ కూర్చునే బెంచీలో లేడు. తలుపు పక్కన ఆఖర్న కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక కింద హాల్లో కాఫీ దగ్గర ఆడవాళ్ళు మార్లిస్ చెయ్యి పట్టుకుని పరామర్శించారు. నార్వల్ చెవి సగం ఊడిందని ఒకామె అంది. డెల్మర్ చెత్తకుప్పలోంచి ఏరుకొచ్చిన సీసాలట అని ఇంకొకామె గొంతు తగ్గించి అంది. “చెడ్డవాడని కాదు, కాస్త అజాగ్రత్త మనిషి,” అని మూడో ఆమె సర్దింది. మా ఊళ్ళో ఒకణ్ణి పాతిపెట్టాలంటే మట్టి ఇంత మెత్తగానే వేస్తారు. ‘అలా ఏం కాదు’ అనడానికి మార్లిస్ నోరు తెరిచింది. “ఇంకాస్త కాఫీ పొయ్యనా?” అని వచ్చింది.

మధ్యాహ్నం వేడి తొంభై ఎనిమిది ఫారెన్‌హీట్ దాటింది. నార్వల్ ముందుగదిలో పడక్కుర్చీలో నిద్రపోయాడు. ఆమె మెళ్ళో తాళంచెవి తడిమి చూసుకుని, కారు తీసి డెల్మర్ ఇంటికి వెళ్ళింది. అతను షెడ్డు నీడలో కూర్చుని పాత ఉక్కు పాల క్యానుకి తుప్పు గీకుతున్నాడు. ఆవు కప్పు పక్కన రాయి మీద ఉంది.

“కాఫీ తాగుతావా?”

“వద్దు.”

“కొంచెం?”

“వద్దులే.”

“సగం కప్పు?”

“సరే, సగం.”

మూడోసారికి గాని మావాళ్ళు ఔననరు. అతను ఫ్లాస్కులోంచి ఆవు కప్పులోకే పోసి ఇచ్చాడు. ఆమె తాగలేదు.

“పంచదార రెండుసార్లు మరిగించాను, డెల్మర్. అతను మరిచిపోయి మళ్ళీ అడిగాడు. నాకు తెలిసే ఇచ్చాను. సీసాల తప్పు కాదు.”

డెల్మర్ తుప్పు గీకడం ఆపలేదు. “తెలుసు.”

“ఏం తెలుసు?”

“తొట్టి పక్కన ఉన్నది నేనేగా. గరిటె నా చేతిలోనే ఉంది. రెండో గిన్నె పడుతుంటే గేలార్డ్ నా మొహం చూశాడు, నేను గేలార్డ్ మొహం చూశాను. మార్లిస్ సగం సగం పంపిందేమో అన్నాడు వాడు. అయ్యుంటుంది అన్నాను నేను. అలా కాదని ఇద్దరికీ తెలుసు. మేస్త్రి కేకేశాడు. మేం జవాబిచ్చాం. అబద్ధం కూడా కాదు చూడు, పడింది కదా.”

ఆమె కప్పు కింద పెట్టింది. “మరి నిన్న ఎందుకు ఊరుకున్నావు? నలుగురూ ఏమంటున్నారో విన్నావా?”

“చెవులున్నాయి కదా, ఆయన చెవికంటే నయంగానే.” అతను కత్తి పక్కన పెట్టాడు. “ఈస్టరు నాడు నన్ను చూసి ‘ఏం హార్లన్’ అన్నాడు. హార్లన్ మా అన్న. పోయి పదేళ్ళయింది. అప్పట్నుంచి ఆయనకి నేను హార్లన్నే. నేనూ పలుకుతున్నాను. నిన్న తిట్టేటప్పుడు మాత్రం డెల్మర్ అన్నాడు. మాటమాటకీ డెల్మర్, డెల్మర్ అన్నాడు. ఆ నోట నా పేరు వస్తుంటే మధ్యలో అడ్డు తగలబుద్ధి కాలేదు, మార్లిస్.”

షెడ్డు రేకు ఎండకి టక్కుమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“మన మర్యాదకి ఆయన చెవి తెగింది,” అంది మార్లిస్. “ఈసారి కన్ను పోతుంది. లేకపోతే గొంతు.”

డెల్మర్ లేచాడు. నాలుగు పాల క్యాన్లు లారీ మీదికి ఎత్తాడు. మంచులో వేసుకునే దళసరి కోట్లు, వెల్డింగ్ ముసుగు, చలిపెట్టెలోని ఐసు సంచులు అన్నీ పడేశాడు, కాఫీ పారబోసి ఆవు కప్పు ముందు సీట్లో పెట్టాడు. చల్లబడితే సీసా కోపం తగ్గుతుంది, ఉక్కు క్యానులో పేలినా గాజు బయటికి రాదు. వెళ్తూ గేలార్డ్‌కి ఫోను చేశాడు. “పోస్టు వచ్చింది, వచ్చి తీసుకో,” అన్నాడు అంతే.

ఇంటికి వచ్చేసరికి పడక్కుర్చీ ఖాళీగా ఉంది. నేలమాళిగ తలుపుకి తాళం వేసినట్టే ఉంది. తలుపు మాత్రం గోడకి ఆనించి ఉంది. మూడు బందుల సీలలు, వాటి పక్కన సుత్తి, నేలమీద సమంగా వరసలో పెట్టి ఉన్నాయి. ఆ తలుపు చేసింది నార్వలే. పేర్లు మరిచిపోతున్న చేతులు అవి కావు.

కింద బల్బు మార్చి ఉంది. అతను బోర్లించిన బకెట్టు మీద, చట్రాలకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. ఒళ్ళో బీరు పని రాసుకునే నీలం అట్ట పుస్తకం. మైనం చాలా మూతల మీద బీటలిచ్చింది, బీటల్లోంచి బొట్లు బొట్లుగా ఊరుతోంది. గదంతా సన్నగా బుస.

“నార్వల్, పైకి రా,” అంది మార్లిస్ మెట్ల మీంచి.

“ఇక్కడ రెండు పద్దులున్నాయి,” అన్నాడు అతను తిరక్కుండా. “పది ఇరవైకి పంచదార పడింది. పది యాభైకి పంచదార పడింది. రెండూ నా చేతిరాతే.”

“అవును.”

“నువ్వు రెండోసారి ఎందుకు మరిగించావు?”

“నువ్వు అడిగావు.”

“అడిగితే ఇచ్చేస్తావా?”

ఆమె మరో మెట్టు దిగింది. ఆమె వెనక ముసుగు తగిలించుకున్న డెల్మర్, అతని వెనక ఇప్పుడే వచ్చిన గేలార్డ్. నార్వల్ తల తిప్పి ముగ్గురినీ చూశాడు.

“ఎప్పట్నుంచి అంటున్నారు మీరంతా, పడింది పడింది అని?”

గేలార్డ్ లేసు చూసుకోబోయాడు, మెట్ల మీది చీకట్లో కనపడలేదు.

“క్రిస్మస్ ముందు నుంచి,” అంది మార్లిస్.

అతను తలాడించాడు. కొలత సరిపోయినప్పుడు ఆడించినట్టు. లేవలేదు.

“లే, నార్వల్. ఇక్కడ వద్దు.”

“ఇక్కడే నయం. పైకొస్తే ఇది మరిచిపోతాను. ఇక్కడైతే పుస్తకం చేతిలో ఉంది, సీసాలు ఎదురుగా ఉన్నాయి. ఏం చేశానో తెలుస్తోంది.”

“నేను గుర్తుచేస్తాను.”

“నువ్వు చెయ్యవు. నువ్వు మరిగించి ఇస్తావు.”

“చేస్తాను.”

అతను ఆమెని ఇంకా చూస్తున్నాడు.

“చేస్తాను, నార్వల్,” అంది మూడోసారి.

అతను పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు. రెండు మెట్లు ఎక్కాడో లేదో వెనకాల అరవై తొమ్మిది పేలింది. బకెట్టు దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుని ఆగింది. డెల్మర్ తన ఒళ్ళంతా అడ్డం పెట్టి ఇద్దరినీ పైకి తోశాడు.

మిగిలిన పని గంటన్నర పట్టింది. డెల్మర్ తడి గోనెలో చుట్టి ఒక్కో సీసా పసిబిడ్డని తెచ్చినట్టు పైకి తెచ్చాడు. గేలార్డ్ క్యానులో ఐసు మధ్య దింపాడు. చల్లబడ్డాక పెరట్లో, గడ్డి లేని గడ్డిమీద, ఒక్కోటీ మొహానికి దూరంగా పట్టుకుని మూత తీశారు. నురుగు నిలువెత్తు లేచింది. రెండు సార్లు డెల్మర్ టోపీ తడిసింది. అరవై ఎనిమిది, డెబ్బై ఏడు, తొంభై మూడు, అన్నీ ఎండిన నేలలోకి ఇంకిపోయాయి. తేనెటీగలు వచ్చాయి. నార్వల్ వరండాలో కూర్చుని, ఏ ఏడు తెరుస్తున్నారో వాళ్ళు చెబితే వింటూ ఉన్నాడు. ఒక్కటి మాత్రం ఉంచమన్నాడు. ఈ ఏటిది, పన్నెండు. డెల్మర్ మార్లిస్ వైపు చూశాడు.

“క్యానులోనే ఉంటుంది, నార్వల్,” అంది ఆమె. “మూత బిగించి, షెడ్డు వెనక. నువ్వు తియ్యడానికి లేదు.”

“సరే,” అన్నాడు. ఐసు అప్పటికే నీళ్ళయింది.

ఎండ వాలాక గ్యారేజీలో నీడకి చేరారు. నార్వల్ కప్పులు తియ్యడానికి గోడ దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. రెండు కప్పులు, మూడు మేకులు. ఖాళీ మేకు మీద వేలు పెట్టి చూశాడు.

“ఏరా, నీ కప్పేది?” అన్నాడు. పేరు కోసం ఒక క్షణం వెతికాడు. “హార్లన్, నీ ఆవు కప్పు ఏమైంది?”

డెల్మర్ చిన్నగా దగ్గాడు. “అదీ... కడుగుదామని ఇంటికి పట్టుకెళ్ళాను, మేస్త్రీ.”

“అవునవును,” అన్నాడు గేలార్డ్.

“కాదు,” అంది మార్లిస్.

ఆ మాట గ్యారేజీలో అంతవరకు ఎవరూ విననంత పొట్టిగా ఉంది. ఆమెకే కొత్తగా ఉంది. పనిబల్ల అంచు పట్టుకుంది.

“నువ్వే తీయించావు, నార్వల్. నిన్న పొద్దున. సీసాలు చెడ్డవని అందరిముందు తిట్టి పంపించావు. సీసాలు మంచివే. పంచదార నువ్వు రెండుసార్లు పోశావు, నేను రెండుసార్లు ఇచ్చాను, వీళ్ళు చూసి ఊరుకున్నారు. ఇతను హార్లన్ కాదు. హార్లన్ పోయాడు. ఇతను డెల్మర్.”

నార్వల్ చాలాసేపు డెల్మర్ మొహం చూశాడు, మీటితే ఎలా పలుకుతుందో అన్నట్టు. డెల్మర్ ఇప్పుడు తప్పు తనదే అయినట్టు ఎర్రబడ్డాడు.

“లారీలో ఉందా కప్పు?” అన్నాడు నార్వల్ చివరికి.

గేలార్డ్ వెళ్ళి తెచ్చాడు. నార్వల్ దాన్ని చొక్కా కొనతో తుడిచాడు. లోపల అడుగున కాఫీ మరక ఉంటే అది పోయేదాకా తుడిచాడు. మేకుకి తగిలించి, ఆవు బొమ్మ బయటికి కనిపించేలా తిప్పి, రెండు అడుగులు వెనక్కి వేసి సమంగా ఉందో లేదో చూశాడు.

“రేపు మళ్ళీ అడుగుతానేమో,” అన్నాడు.

“మళ్ళీ చెబుతాను,” అంది మార్లిస్.

అప్పుడు షెడ్డు వెనక ఉక్కు క్యాను లోపల ధన్‌మంది. చర్చి గంటని గుడ్డ చుట్టి కొట్టినట్టు, ఒక్కసారే. నలుగురూ విన్నారు. డెల్మర్ గేలార్డ్ మొహం చూడబోయి మానేశాడు.

“ఏమిటది?” అన్నాడు నార్వల్.

“ఈ ఏటిది,” అంది మార్లిస్.